అవ్వ చేతికి ఏం పని ఇద్దాం?

మన తెలుగు మేడమ్ "ఇంట్లో కళ్ళారా చూసిన విషయం మీద ఒక అధ్యయన వ్యాసం రాసుకురండి, గోడపత్రికలో పెడదాం" అన్నప్పుడు నాకు విషయం వెతుక్కునే పని లేకపోయింది. మా అవ్వకు, అంటే మా నాన్న తల్లికి, డిమెన్షియా. మూడేళ్ళయింది. ఆమెకు ఇప్పుడు 78 ఏళ్ళు. జబ్బు గురించి డాక్టర్లు చెబుతారు, మందుల చీటీ రాస్తారు. కానీ ఆ మనిషి పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా ఏం చేస్తూ కూర్చోవాలి? ఈ ప్రశ్నకు మందుల చీటీలో జవాబు లేదు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందుగా పేరు సంగతి. నిఘంటువులో దీనికి "చిత్తవైకల్యం" అని ఉంది. నాకు ఆ మాట నచ్చలేదు, తిట్టులాగా ఉంది. తమిళంలో "మరది నోయ్" అంటారు, మరుపు జబ్బు అని. అది కొంచెం మేలు, కానీ అదీ పూర్తిగా సరికాదు, ఎందుకంటే పోయేది జ్ఞాపకం ఒక్కటే కాదు. కాబట్టి అందరికీ తెలిసిన డిమెన్షియా అనే మాటనే వాడుతున్నాను. ఇది ఒక జబ్బు పేరు కాదు, కొన్ని జబ్బులకు కలిపి పెట్టిన పేరు. వాటిలో ఎక్కువగా కనిపించేది ఆల్జైమర్స్. ముసలితనంలో కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోవడం వేరు, కళ్ళజోడు చేతిలో పట్టుకుని ఇది దేనికి అని చూడడం వేరు. ప్రపంచంలో 5 కోట్ల 50 లక్షల మందికి పైగా ఈ స్థితిలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 60 దాటిన వారిలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, ఉందని 2023లో వచ్చిన ఒక పెద్ద సర్వే అంచనా. అంటే ఈ గోడ ముందు నిలబడి చదివే మనలో కొందరి ఇళ్ళల్లో కూడా ఉండే ఉంటుంది. ఎవ్వరూ బయటికి చెప్పుకోరు, అంతే.

జ్ఞాపకం అంటే ఒకే గది అని నేను అనుకునేదాన్ని. కాదట. పొద్దున ఏం తిన్నాం, ఇంటికి ఎవరొచ్చారు అనేవి దాచుకోవడానికి మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం కావాలి. ఆల్జైమర్స్ మొదట దెబ్బ కొట్టేవాటిలో అది ఒకటి. అందుకే అవ్వ కాఫీ తాగిన పది నిమిషాలకు "నాకు కాఫీ ఎవురూ ఇయ్యలే" అంటుంది. అబద్ధం కాదు, ఆమె లోపల ఆ కాఫీ నిజంగానే లేదు. కానీ చేతులు నేర్చుకున్న పనులు వేరే చోట ఉంటాయి. మడవడం, ఒలవడం, కట్టడం, ఏరడం, తాళం వెయ్యడం లాంటివి చాలాకాలం నిలుస్తాయి. పాటలు, లయ కూడా అంతే. చాలామందిలో పెద్ద అక్షరాలు చదవడం కూడా చాలా రోజులు మిగులుతుంది. ఏం పోయిందో ఇంట్లో అందరికీ తెలుసు. ఏం మిగిలిందో మేము చూడలేదు, రెండేళ్ళు వృథా చేశాం.

ఆ రెండేళ్ళలో నేను చేసిన తప్పు ముందు చెప్పాలి. జ్ఞాపకశక్తికి వ్యాయామం కావాలి అనుకుని రోజూ కాలేజీ నుంచి రాగానే అవ్వకు పరీక్ష పెట్టేదాన్ని. "అవ్వా, నేనెవరు? ఈ రోజు ఏం వారం? ఈ ఫోటోలో ఎవరు?" మొదటి రోజు "నువ్వెవురో నీకే తెలీకపోతే నాకేం తెలుసుమే" అంది, అందరం నవ్వినాం. నాలుగో రోజో ఐదో రోజో నేను లోపలికి రావడం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. మనం ఇంటర్నల్స్ రోజు హాల్ బయట నిలబడినట్టు నిలబడతామే, ఆ ముఖం. నా పేరు మరిచిపోయింది కానీ నన్ను చూస్తే భయం వెయ్యాలని మాత్రం గుర్తుంది. సంఘటన మరిచిపోయినా దాని వెంట వచ్చిన బాధ మిగులుతుందని తర్వాత చదివాను. చదవకముందే చూసేశాను.

అదే రోజుల్లో నాన్న ఒక రంగులు వేసే పుస్తకం, క్రేయాన్స్ కొనుక్కొచ్చారు. ఏనుగు, బెలూన్, జోకర్. రంగులు వేయడం ఇష్టమైన వాళ్ళకు అది మంచిదే, తప్పు పట్టను. కానీ మా అవ్వ జన్మలో క్రేయాన్ పట్టలేదు. ఆమె ఐదో క్లాసు వరకు పలక మీద చదివింది. పుస్తకం తిరగేసి, "ఇది ఏ బిడ్డది? ఇచ్చెయ్యండి పాపం, ఏడుస్తుంది" అని మా తమ్ముడి సంచిలో పెట్టింది.

ఇంకొక తప్పు ఇంటిల్లిపాదీ చేశాం. "మా వూరు చిత్తూరు జిల్లా" అంటుంది అవ్వ. "కాదమ్మా, తిరువళ్ళూరు జిల్లా" అని నాన్న దిద్దుతారు. ఆమె ఒప్పుకోదు, గొడవ. నేను చరిత్ర విద్యార్థినిని కదా, ఒక రోజు లెక్క వేసి చూశాను. అవ్వ ఊరు తిరుత్తణి పక్కన. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దులు మార్చినప్పుడు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. అప్పుడు అవ్వకు పదమూడేళ్ళు. అంటే ఆమె చెప్పేది తప్పు కాదు, ఆమె ఉన్న సంవత్సరం వేరు. ఆ రోజు నుంచి నేను దిద్దడం మానేసి "అవ్వా, చిత్తూరుకు ఎప్పుడైనా పోయినారా?" అని అడగడం మొదలుపెట్టాను. గంటసేపు చెప్పింది. దాంట్లో సగం నాకు అర్థం కాలేదు, అది నా తెలుగు లోపం.

ఇప్పుడు అసలు పాఠానికి వస్తాను. మనలో చాలామంది మాంటిస్సోరి అనే పేరు ఎల్.కె.జి. స్కూళ్ళ బోర్డుల మీదే చూసి ఉంటారు. మరియా మాంటిస్సోరి ఇటలీ దేశపు డాక్టరు. 1907లో రోమ్‌లో పేదల బిడ్డల కోసం బడి తెరిచింది. 1939లో మన మద్రాసుకే వచ్చి అడయారు దివ్యజ్ఞాన సమాజంలో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. తర్వాత ఇటలీ యుద్ధంలోకి దిగడం, ఆమె శత్రుదేశం మనిషి కావడం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయింది. ఆమె పద్ధతిలో బొమ్మలకంటే నిజమైన పనులకు చోటెక్కువ. నీళ్ళు పొయ్యడం, గుండీలు పెట్టడం, గింజలు వేరు చెయ్యడం. కామరాన్ క్యాంప్ అనే అమెరికా సైకాలజిస్టు 1990ల నుంచి ఈ పద్ధతినే డిమెన్షియా ఉన్నవారికి మలిచాడు. పెద్దవాళ్ళను చిన్నపిల్లల్లాగా చూడమని దాని అర్థం కాదు, సరిగ్గా దానికి ఎదురు. పని నిజమైనదై ఉండాలి. ఆ మనిషి జీవితంలోంచి వచ్చినదై ఉండాలి. నోటితో పది మాటలు చెప్పేకంటే ఒకసారి చేసి చూపించాలి. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టాలి. "తప్పు" అనే మాట అందులో ఉండకూడదు. నాకు అర్థమైనంత వరకు ఇంతే.

ఇది చదివిన వారం మా అమ్మ మార్కెట్ నుంచి అనపకాయలు తెచ్చింది. మార్గళి నెల, సీజను. మా ఇంట్లో పితికిపప్పు చేస్తారు. తెలియని వాళ్ళకు చెబుతున్నాను: అనపకాయలు ఒలిచి, గింజలను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున ఒక్కొక్క గింజను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కితే తోలు ఊడి పప్పు బయటికి దూకుతుంది. అదే పితకడం. మా అమ్మవాళ్ళ వేలూరు వైపు తమిళంలో కూడా "పిదుక్కం పరుప్పు" అనే అంటారు. చాలా విసుగు పుట్టించే పని. నేనైతే పది నిమిషాలకు లేచిపోతాను.

గిన్నె తీసుకుని అవ్వ పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు, చెప్పలేదు. పితకడం మొదలుపెట్టాను, కావాలని కాదు గానీ నాకు సరిగ్గా రాలేదు. అవ్వ రెండు నిమిషాలు చూసింది. తర్వాత గిన్నె తన వైపు లాక్కుంది. "గోరు తగలకూడదుమే, పప్పు విరిగిపోతాది. వేలి మెత్తతో నొక్కు, ఇట్ల." టిక్, టిక్, టిక్. చూపు గిన్నెలో లేదు, కిటికీ బయట ఉంది. చేతులు వాటి పాటికి అవి చేస్తున్నాయి. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో "ఇంటికి పోవాల" అని ఒక్కసారి కూడా అనలేదు. మామూలుగా ఆ మాట పూటకు ఇరవైసార్లు వస్తుంది. నాకు పితకడం కూడా నేర్పింది. మూడేళ్ళలో అవ్వ నాకు ఏదైనా నేర్పడం అదే మొదలు.

పని ఇచ్చేటప్పుడు కొన్ని చిన్న విషయాలు చూసుకోవాలి. ముదురు రంగు గిన్నెలో తెల్ల పప్పు బాగా కనిపిస్తుంది, స్టీలు గిన్నెలో మెరుపుకు కనిపించదు. తోలుకు వేరే పళ్ళెం, అది ఎడమ పక్కన. మొదటి రోజు రెండూ ఒకేలాంటి పళ్ళాలు పెట్టాను, తోలూ పప్పూ కలిసిపోయాయి. కలిస్తే మాత్రం ఏం? ఆమె పడుకున్నాక అమ్మ మళ్ళీ ఏరింది. పచ్చి గింజలు నోట్లో వేసుకోకుండా ఒకరు పక్కన ఉండాల్సిందే.

పొంగల్ పండుగకు మా పెద్దత్త వచ్చింది. హాల్లో చాప మీద అవ్వ, ముందర గిన్నె. పెద్దత్త ముఖం మారిపోయింది. "మా అమ్మను ఈ వయసులో పనిమనిషిని చేసినారా? బుద్ధి ఉన్నవాళ్ళు ఎవరైనా చేసే పనేనా ఇది?" అని అమ్మనే అడిగింది. నాన్న పేపరు చదువుతూ ఉన్నారు, చదువుతూనే ఉన్నారు. అమ్మ ఏమీ అనకుండా వంటింట్లోకి పోయింది. పెద్దత్త గిన్నె తీసి మిద్దె మీద పెట్టేసి, అవ్వను సోఫాలో కూర్చోబెట్టి టీవీ పెట్టింది.

సాయంత్రం ఐదింటికి మొదలైంది. పొద్దు వాలే వేళకు ఈ జబ్బు ఉన్నవాళ్ళలో కలత ఎక్కువవుతుందని పుస్తకాల్లో కూడా ఉంది. అవ్వ లేచి తలుపులన్నీ తడుముతూ, "నా పప్పు ఎవురో ఎత్తుకుపోయినారు, రేపు బిడ్డలకు ఏం పెట్టాల" అని తిరిగింది. అమ్మను దొంగ అంది. పెద్దత్తను ఎవరో తెలియక బయటికి పొమ్మంది. పెద్దత్త ఏడ్చింది. ఏడున్నరకు తనే మిద్దె ఎక్కి గిన్నె దించుకొచ్చి చాప మీద కూర్చుని పితకడం మొదలుపెట్టింది. అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు చూసి, "గోరు తగలకూడదుమే" అంది.

పెద్దత్త మాటలో నిజం లేకపోలేదు, అది కూడా రాయాలి. పని ఇవ్వడానికీ పని చేయించుకోవడానికీ మధ్య గీత సన్నంగా ఉంది. మా ఇంట్లో మేం పెట్టుకున్న కొలత ఇది: ఆమె గిన్నె పక్కకు తోస్తే అక్కడితో ఆపేయాలి, "ఇంకొంచెమే ఉంది" అనకూడదు. ఆ పూట వంటకు ఆ పప్పే కావాలి అని ఎప్పుడూ పెట్టుకోకూడదు, ఎందుకంటే అప్పుడు మనకు తొందర, ఆమెకు తిట్లు. చివర్లో "మంచిదవ్వా, పని తీరిపోయింది" అని చెప్పాలి. ఆ మాటకు ఆమె ముఖంలో వచ్చే తృప్తి టీవీకి ఎప్పుడూ రాలేదు.

తువ్వాళ్ళ మడత గురించి నాకు ఇప్పటికీ ఒక సందేహం ఉంది. చాలాచోట్ల చెప్పే సలహా ఏమిటంటే, మడిచిన తువ్వాళ్ళు లోపలికి తీసుకుపోయి, కలిపేసి, మళ్ళీ ఇవ్వండి అని. మా తమ్ముడు అలాగే చేశాడు. రెండుసార్లు నడిచింది. మూడోసారి అవ్వ తువ్వాలు చేతిలో పట్టుకుని "నేను ఇప్పుడే మడిచినా కదా, ఎవురు కలిపింది?" అని అడిగింది. వాడి ముఖం పాలిపోయింది. జబ్బు ఎప్పుడూ ఒకే లెక్కన ఉండదు, ఒక్కో నిమిషం వాళ్ళకు అన్నీ తెలుస్తాయి. అప్పటి నుంచి మేము మోసం చెయ్యడం లేదు. నిజంగా ఉతికిన బట్టలే ఇస్తాం, లేకపోతే లేదు. పక్క ఫ్లాటు ఆంటీ తన ఇంటి తువ్వాళ్ళు కూడా పంపిస్తోంది, అవ్వకు గిరాకీ పెరిగింది.

పూలు కట్టడం మాత్రం మెల్లగా పోతోంది. అవ్వ ఒకప్పుడు నారతో మల్లెలు కడితే మూర కొలవడానికి మోచెయ్యి చాచే తీరు నాకు బాగా గుర్తు. నిరుడు వేసవిలో ముడి వెయ్యడం మరిచిపోయింది. పూలు రెండేసి జత పెట్టి, నార చుట్టి, అక్కడ ఆగి, వేళ్ళ వంక చూసుకుంది. ఆ చూపు చూడలేం. అప్పుడు మెట్లు విడగొట్టడం అంటే ఏమిటో తెలిసింది. ఇప్పుడు ముడి నేను వేస్తాను, ఆమె రెండు పూలు ఎదురెదురుగా జత పెట్టి నాకు అందిస్తుంది. జత పెట్టడం కూడా పోతే మొగ్గలు, విచ్చినవి వేరు చెయ్యమందాం అనుకున్నాం. అదీ పోతే వాసన ఉంది. ఇదంతా జబ్బును తగ్గించదు, వెనక్కి తిప్పదు. ఎవరైనా తగ్గిస్తుందని చెబితే నమ్మకండి.

భాష సంగతి చెప్పకుండా ఈ వ్యాసం పూర్తికాదు. మా అమ్మ తమిళం, నాన్న తెలుగు. పెళ్ళయినప్పటి నుంచి అవ్వ, అమ్మ తమిళంలోనే మాట్లాడుకున్నారు. ఏడాదిన్నరగా అవ్వ నోట తమిళం తగ్గిపోతూ వచ్చింది. తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి చిన్ననాటి భాష మిగలడం ఈ జబ్బులో చాలామందికి జరుగుతుంది. పొద్దంతా పక్కన ఉండి స్నానం పోసే మా అమ్మ మాటే అవ్వకు అర్థం కాకుండా పోయింది. నేను పార్ట్ వన్ తెలుగు తీసుకున్నది మార్కులు సులభంగా వస్తాయని ఒక అక్క చెప్పినందుకు. ఆ తెలుగుతోనే అమ్మకు ఇరవై వాక్యాలు తమిళ అక్షరాల్లో రాసిచ్చాను. మొదటి వాక్యం "దయచేసి భోజనం చేయండి." అమ్మ శ్రద్ధగా చదివింది. అవ్వ ఎవరో అతిథి వచ్చారనుకుని వెనక్కి తిరిగి చూసింది. అది కొట్టేసి "అత్తా, అన్నం తిందాం రాండి" అని రాశాను. అవ్వ లేచి వచ్చింది. స్నానాల గది తలుపు మీద ముందు తమిళంలో రాసి అంటించాం, ఆమెకు తమిళం చదవడం ఎప్పుడూ రాదని ఎవరికీ తోచలేదు. తర్వాత నేను "మరుగుదొడ్డి" అని రాశాను, పనికిరాలేదు. చివరికి తెలుగు అక్షరాల్లో "బాత్రూం" అని పెద్దగా రాస్తే ఇప్పుడు ప్రతిసారీ కూడబలుక్కుని చదివి లోపలికి పోతుంది.

రెండు భాషల గురించి ఒక తెలుగు నేల పరిశోధన ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. దీని మీద శాస్త్రవేత్తల్లో వాదోపవాదాలు ఉన్నాయి, ఆలస్యం అవుతుందన్నారే గానీ రాదు అనలేదు. అయినా మనలాంటి రెండు భాషల ఇళ్ళవాళ్ళకు తెలియాల్సిన సంగతే.

ఇంకొక పద్ధతి ఇంగ్లండులో పుట్టింది, కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ అంటారు. కొద్దిమందిని కూర్చోబెట్టి వారానికి రెండుసార్లు, ఏడు వారాలు, మొత్తం 14 సార్లు, ఒక్కోసారి 45 నిమిషాలు. మన చెన్నైలోని స్కార్ఫ్ సంస్థవాళ్ళు దాన్ని ఇక్కడి అలవాట్లకు తగ్గట్టు మార్చి వాడారు. దాంట్లో నాకు నచ్చిన నియమం ఒక్కటే: జ్ఞాపకం అడగకు, అభిప్రాయం అడుగు. "తిరుత్తణి కొండకు ఎన్ని మెట్లు?" అంటే పరీక్ష. "తిరుత్తణికి మెట్లెక్కి పోవడం మేలా, బస్సులో పోవడం మేలా?" అంటే మాట్లాడడం. నేను అడిగాను. "కాళ్ళు ఉన్నంత వరకు మెట్లు. కాళ్ళు పోతే ఆ స్వామే దిగి రావాల" అంది అవ్వ. దీనికి మార్కులు ఎవరు వేస్తారు?

మిగతావి గబగబా చెప్పేస్తాను. పని పొద్దున పది, పదకొండు మధ్య బాగా సాగుతుంది. ముందు బాత్రూంకి తీసుకుపోవాలి, కళ్ళజోడు తుడిచి పెట్టాలి. టీవీ ఆపాలి. ఒకసారికి ఒకే వస్తువు ముందర పెట్టాలి. సూది, కత్తి, పొయ్యి వద్దు. వెనక నుంచి పిలవకూడదు, ఎదురుగా వచ్చి కూర్చుని మాట్లాడాలి. మగవాళ్ళకు పప్పు ఏరడం పట్టకపోవచ్చు. మా వీధిలో ఒక తాతయ్య కిరాణా కొట్టు నడిపినవారు, ఆయనకు పాత నోటు పుస్తకం, చిల్లర డబ్బులు ఇచ్చి కూర్చోబెడతారు. మందులు, మార్పులు ఏవైనా ఉంటే డాక్టరునే అడగాలి, ఈ గోడను కాదు.

ఈ వ్యాసం రాస్తున్న రోజు సాయంత్రం అమ్మ రసం పెట్టి గరిటెలో కొంచెం తీసుకొచ్చి, కాగితం చూడకుండానే, "అత్తా, ఉప్పు చాలునా?" అని అడిగింది. అవ్వ రుచి చూసింది. "చాల్లే. చింతపండే కొంచెం ముందుంది" అంది. తర్వాత అమ్మ వంక తేరిపార చూసి, "నువ్వు ఎవురి బిడ్డవమ్మా?" అంది.

"మీ కోడలు అత్తా."

"కోడలా? సరే, కూర్చో. ఆ తువ్వాళ్ళు ఇట్ల ఇయ్యి."